దొరసాని కుచ్చుల లాగు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పరువు పోవడం పెద్ద విశేషం కాదు, అందరికీ ఎప్పుడో ఒకసారి పోతుంది. కానీ నడిబజారులో, మైకులో, డప్పుల మధ్య పోవడానికి అదృష్టం ఉండాలి. మా గోదావరిఖనిలో షిఫ్టు మారితే సైరన్ మోగుతుంది. నా పరువు పోయిన రోజు సైరన్ ఒక్కటే మోగలేదు, తక్కిన చప్పుళ్ళన్నీ అయ్యాయి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నోట్లో నాలుక ఉందన్న సంగతి పళ్ళు తోముకునేటప్పుడు తప్ప గుర్తొచ్చేది కాదు. కిరాణా కొట్టాయన "ఏం గావాలె బిడ్డా?" అంటే చీటీ అందించేదాన్ని. బస్సులో దిగాల్సిన స్టాపు వచ్చినా "ఆపండి" అనలేక, వేరే ఎవరైనా దిగేదాకా కూర్చుని ఒకసారి బసంత్‌నగర్ దాకా వెళ్ళి, సిమెంటు లారీలు చూసి తిరిగొచ్చాను. అయితే ఇదంతా బయట. డైరీలో నాకన్నా ధైర్యవంతురాలు తెలంగాణలోనే ఉండేది కాదు. లైబ్రరీలో ఉన్న నాలుగు అల్మరాల పుస్తకాలు చదివేశాను కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. తెలిసినదాన్ని నోటితో చెప్పలేను, అంతే.

ఇక దొరసాని సంగతి. దొరసాని మా కుందేలు. బొగ్గుబావిలో బాపుతో పనిచేసే ఆయన ఒకరు వేరే ఏరియాకు బదిలీ అయి పోతూ మాకు అప్పజెప్పాడు. వచ్చిన రోజు పాలలా తెల్లగా ఉండేది. మా క్వార్టర్ల గాలికి వారం తిరక్కుండానే బూడిద రంగుకు దిగింది. మా ఊళ్ళో ఆరేసిన తెల్లచొక్కాలకే దిక్కులేదు, కుందేలుకు ఎక్కడిది? బియ్యం బస్తా మీదెక్కి కూర్చుని, మేమంతా పని ఎగ్గొట్టి తిరుగుతున్న పాలేళ్ళమైనట్టు చూసేది. ఆ చూపుకే ఆ పేరు పెట్టాం.

నేను గొంతెత్తి మాట్లాడే ప్రాణి లోకంలో అదొక్కటే. దానికి పాఠాలు చదివి వినిపించేదాన్ని. నచ్చిన పేజీలు నమిలేది. అంత శ్రద్ధగా విన్న శ్రోత నాకు మళ్ళీ దొరకలేదు.

అలాంటి దొరసాని ఒక చలికాలం ఉదయం గోనెపట్టా మీద రక్తపు చుక్కలు వదిలింది. పశువుల దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు కడుపు నొక్కి చూసి, గర్భసంచిలో గడ్డ ఉందని, సంచి తీసెయ్యాలని, తీయకపోతే బతకదని చెప్పాడు. ఆ రాత్రి నేను డైరీలో నాలుగు పేజీలు రాశాను. రాసిన వాటిలో ఒక్క ముక్క కూడా ఎవరితోనూ అనలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మధ్యాహ్నానికి దొరసాని కళ్ళు తెరిచి, డాక్టరును కూడా పాలేరు కింద జమకట్టి చూసింది. బాపు ఆటో పిలవడానికి బయటికి వెళ్ళాడు. జాగ్రత్తలు వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నా వెనక బర్రెలతో, మేకలతో ఓ పాతికమంది మగవాళ్ళు గోడకానుకుని నిలబడి, కుందేలు ఆపరేషనంటే ఏమిటో అని చెవులు రిక్కించి వింటున్నారు.

డాక్టరు ఊరికి వచ్చి మూడు నెలలే అయినా అన్నీ బావి భాషలో చెప్పడం నేర్చుకున్నాడు.

"చూడమ్మా, కుందేలు కడుపంటే బొగ్గు మోసే బెల్టులాంటిది. ఆగొద్దు. ఆపరేషనైందని పస్తు పెట్టకండి. గడ్డి, ఆకులు తింటూనే ఉండాలి, పెంటికలు పడుతూనే ఉండాలి. రేపు మధ్యాహ్నం దాకా ఒక్క పెంటిక కూడా పడకపోతే ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురండి. అది ప్రాణం మీదికొస్తుంది."

పెంటికలు! పాతికమంది మగవాళ్ళ ముందు! నా చెవులు వేడెక్కాయి. తల కాస్త దించుకున్నాను.

"కుట్లు నాకకుండా నడుముకు మెత్తటి తొడుగేదైనా వెయ్యండి. కుట్లు కదిలించొద్దు. ముఖ్యమైనదేమిటంటే, తొడుగు వేసినా దాని వెనక..."

ఆ మాట దగ్గర నా చెవులు మూతపడ్డాయి. ఎవరో మూసినట్టే మూతపడ్డాయి. గోడకానుకున్న వాళ్ళలో ఒకాయన దగ్గాడు, అది నవ్వులాగే వినిపించింది. నేను నా చెప్పుకు పెట్టిన పిన్నీసును ఎంత శ్రద్ధగా చూశానంటే, ఆ పిన్నీసు బొమ్మ ఇప్పుడడిగినా గీసివ్వగలను. పైన డాక్టరు గొంతు గుయ్‌మంటూ చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగింది.

"అర్థమైందా?"

"ఆ సార్."

"ఏం అర్థమైంది?"

"అంతా సార్."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే డాక్టరైనా రెండోసారి చెప్పడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కథ అక్కడే ముగిసిపోవాల్సింది. కానీ నాకు కుట్టుమిషను వచ్చు.

కార్మికుల ఇళ్ళలోని ఆడపిల్లలకు మా కాలనీలో కుట్టు నేర్పేవాళ్ళు. అందులో నాకు మొదటి బహుమతి వచ్చింది. కాబట్టి ఇంటికి రాగానే, బాపు పాత స్వెట్టరు చెయ్యి ఒకటి కత్తిరించి దొరసానికి తొడుగు కుట్టడం మొదలుపెట్టాను. మెడకు ఒక కంత, ముందు కాళ్ళకు రెండు, వెనక కాళ్ళకు రెండు. అక్కడిదాకా వచ్చి ఆగాను. వెనక ఏం చెయ్యాలి? డాక్టరు "వెనక" అంటూ ఏదో చెప్పాడు. ఏమని ఉంటాడు? ఆలోచించాను. పుస్తకాలు చదివిన బుర్ర కదా, తర్కంతో ఆలోచించింది. నాకు తెలిసిన ఏ ఆడపిల్ల బట్టకూ వెనక కంత ఉండదు. దొరసాని ఆడపిల్ల. పైగా పేరున్న పిల్ల. నలుగురూ చూడ్డానికి వచ్చే ఇల్లు. కాబట్టి "వెనక బాగా మూసెయ్యండి" అని ఉంటాడు.

మూసేశాను. మూసి ఊరుకున్నానా? ఎలాస్టిక్ వేశాను. ఎలాస్టిక్ మోటుగా కనిపిస్తోందని దాని చుట్టూ ఎర్ర రిబ్బనుతో కుచ్చులు పెట్టాను. తోకను కూడా మర్యాదగా లోపలికి దోపాను. అచ్చంగా చంటిపిల్లలకు వేసే కుచ్చుల లాగు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మొండివాడు కనీసం కాళ్ళ దగ్గర ఆగాడు. నేను పట్టిన కుందేలుకు కాళ్ళు నాలుగూ ఉన్నాయి, వెనక దారి లేదు.

చురుకైన పాఠకులకు ఇప్పటికే అంతా అర్థమై ఉంటుంది. దయచేసి నవ్వకండి. నాకు అర్థం కావడానికి మరో ఇరవై గంటలు పట్టింది.

అమ్మ అప్పుడు మా అత్త కాన్పుకని మంథని వెళ్ళింది. ఇల్లంతా అవ్వ రాజ్యం. అవ్వంటే బాపు తల్లి. తొడుగు చూసి మెచ్చుకుంది.

"మంచిగ కుట్టినవే. గని ఉత్త లాగు సరిపోదు. నడికట్టు గట్టాలె. సంచి తీసిన జాగ ఖాళీ ఉంటది. గాలి జొరబడుతది."

"అవ్వా, అది కుందేలు."

"అయితే ఏందే? ఆడిది కాదా?"

 

మా వాడలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎంతమందో చెప్పడం కన్నా, తీయించుకోని వాళ్ళను చెప్పడం సులువు. కాబట్టి అందరూ నిపుణులే. అందరిలోకీ పెద్ద నిపుణురాలు పక్క క్వార్టరు మరియమ్మత్త. దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. వచ్చీరాగానే దొరసాని తలమీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, "నడికట్టేదీ?" అంది.

అవ్వకూ మరియమ్మత్తకూ నల్లా దగ్గర వంతు మొదలు పరలోకం దాకా ఒక్క విషయంలోనూ పొత్తు కుదరదు. ఆరోజు నడికట్టు విషయంలో కుదిరింది. ఇద్దరూ కలిసి అవ్వ పాత చీర చింపి, ఒకరు పట్టుకుంటే ఒకరు చుట్టి, నా కుచ్చుల లాగు మీద ఆరు వరసలు బిగించారు. దొరసాని ఆకారం చూస్తే తలా చెవులూ ఉన్న దిండులా ఉంది.

"ఇగ మూడొద్దులు పచ్చిది పెట్టద్దు" అంది అవ్వ. "వాతం జేస్తది. నాకు ఎండు మెతుకులు, ఎల్లిపాయ కారమే పెట్టిండ్రు."

ఇక్కడ మాత్రం నేను గెలిచాను. డాక్టరు చెప్పిన వాటిలో నేను విన్న సగంలో తిండి సంగతి ఉంది. నోటితో ఎదిరించలేదు కానీ, అవ్వ అటు తిరగ్గానే కొత్తిమీర, ఇటు తిరగ్గానే గరిక అందించాను. దొరసాని కూడా నాలాగే నోరెత్తకుండా పని చేసే రకం. నిమిషంలో మాయం చేసేది. ఆ ఒక్క మంచిపనే తర్వాత నా కొంప ముంచింది.

సాయంత్రం దొరసానిని గంపలో పడుకోబెట్టి, బాపు డ్యూటీ చార్టు వేశాడు. ఆయన జీవితంలో ఏ పనికైనా మూడు షిఫ్టులుంటాయి.

"ఇగో, ఒకలు గంప కాడ ఉండాలె. తర్వాతోళ్ళు వచ్చి చార్జి దీస్కునేదాంక జాగ ఇడ్సద్దు. ఏం దిన్నది, ఏం తాగింది, ఎన్ని ఎల్లినయి, అన్ని రాయాలె. రిపోర్టు లేకుంట పనేంది?"

రిపోర్టు రాసేది నేనే. నా డైరీ వెనక పేజీల్లో గడులు గీశాను. తిండి. నీళ్ళు. తడి. నడుము కొలత. ఇంకొక గడి పేరు పూర్తిగా రాయడానికి సిగ్గేసి "పెం." అని రాశాను. డైరీలో కూడా నేను సిగ్గుపడిన మాట అదొక్కటే. నడుము కొలత ఎందుకంటే, ఆపరేషన్ తర్వాత పశువుల పొట్ట ఉబ్బుతుందేమో చూడాలని లైబ్రరీ పుస్తకంలో చదివాను. దర్జీ టేపు చేతిలో ఉంది కదా, నాకు ధైర్యం.

తెల్లవారేసరికి రిపోర్టు ఇలా ఉంది. తిండి, కొత్తిమీర రెండు కట్టలు, గరిక గుప్పెళ్ళు, ఒక క్యారెట్టు, నా చరిత్ర నోట్సు ఒక పేజీ. నీళ్ళు, తాగింది. తడి, ఉంది. గుడ్డ మారుద్దామంటే "కుట్లు కదిలించొద్దు" అన్న మాట గుర్తొచ్చి, విప్పకుండా కింద పొడిగుడ్డ దోపాను. పెం., సున్నా. నడుము, పన్నెండు అంగుళాలు.

ఎనిమిది గంటలకు పెం. సున్నా. నడుము పదమూడు.

పది గంటలకు పెం. సున్నా. నడుము పదమూడున్నర.

బాపు అద్దాలు పెట్టుకుని డైరీ చూశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"గిదేందిరా? లోడింగ్ మస్తుగయితాంది. ప్రొడక్షన్ నిల్?"

అవ్వ చేత్తో తడిమింది. "అయ్యో, పొట్ట ఎనుకకు జారింది కొడుకా! ఎనుక చూడు, ఎట్ల ఉబ్బిందో! గట్టి గట్టిగ తగులుతాంది."

నేనూ తడిమాను. నిజమే. కుచ్చుల లాగు కింద గుండ్రంగా, గట్టిగా, సంచిలో శనగలు పోసినట్టు తగిలింది. పుస్తకాల బుర్ర వెంటనే జవాబు చెప్పింది. నేను కూడా, జీవితంలో మొదటిసారి, పైకే చెప్పాను. "పేగులు గడ్డకట్టినయి బాపూ!"

చూడండి, నోరు తెరవక తెరవక తెరిస్తే ఏమొచ్చిందో!

ఇంట్లో గాలి మారిపోయింది. మరియమ్మత్త ఓమ నీళ్ళు తెచ్చింది. అవ్వ కడుపు మీద ఆముదం రాస్తానంది, మీద చీరుందని గుర్తొచ్చి చీరకే రాసింది. దొరసాని అందరినీ మార్చి మార్చి చూసి, మూలకు పోయి, వెనకభాగం నేలకేసి ఒకసారి గట్టిగా రుద్దింది. "నొప్పి తట్టుకోలేక పోతాంది బిడ్డ" అని అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే, మాకు ఏదో చెప్పాలని పాపం అది చాలా ప్రయత్నించింది. నోరులేని జీవానికీ నోరుండీ లేనిదానికీ మధ్య మాట ఎలా కుదురుతుంది?

పదకొండుంబావు. నడుము పద్నాలుగున్నర. మధ్యాహ్నం దాకా చూడమన్న గడువు దగ్గరపడుతోంది. డైరీ మూసేశాను.  అప్పుడు నేను ఏడ్చానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గులేదు. దొరసాని లేకపోతే నా గొంతు వినేవాళ్ళు ఇంకెవరూ ఉండరని అనిపించింది.

బాపుది ఆరోజు మధ్యాహ్నం షిఫ్టు. సద్ది గిన్నె పక్కన పెట్టి లేచాడు. "డ్యూటీ పోతె పాయె. నాగా వెట్టుకుంట. నడువుండ్రి."

ఏళ్ళ తరబడి జ్వరమొచ్చినా నాగా పెట్టని మనిషి. ఆ మాటకు నా ఏడుపు రెండింతలైంది.

ఆటోలో ముందు బాపు, వెనక నేను, నా ఒళ్ళో గంప, అటు అవ్వ, ఇటు మరియమ్మత్త. చౌరస్తా దాకా బాగానే వెళ్ళాం. అక్కడ ఆగిపోయాం.

అవి తెలంగాణ రాష్ట్రం కోసం రోజూ ఏదో ఒక ఊరేగింపు సాగుతున్న రోజులు. ఆరోజు రోడ్డు నిండా జనం. డప్పులు, జెండాలు, పాటలు, ముందు మైకు కట్టిన ట్రాలీ. మా ఆటో ఆ జనసముద్రంలో తెడ్డులేని పడవలా ఇరుక్కుంది.

బాపు దిగి, "అన్నా, కొద్దిగ జాగియ్యిండ్రి, దవాఖానకు పోవాలె" అన్నాడు.

"ఎవలకేమైంది కాకా?" అని ఒకాయన ఆటోలోకి తొంగిచూశాడు. వెనక మరో పదిమంది తొంగిచూశారు. "కుందేలా? గీ కట్లేంది? ఏమైందే చెల్లే?"

నన్నే అడిగాడు! నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. చేప కూడా నాకన్నా వివరంగా చెప్పేది. నా అవస్థ చూడలేక అవ్వ ఆటోలోంచి సగం బయటికి వంగి, గోదావరి అవతలి ఒడ్డుకు వినిపించేలా అరిచింది.

"ఆపరేషనైంది బిడ్డా! నిన్నటి సంది దొడ్డికి ఎల్లుతలేదు!"

డప్పులు ఆగాయి. నిజంగా ఆగాయి. నేను గంప మూత కింద తల దూర్చడానికి ప్రయత్నించాను, దొరసాని చోటివ్వలేదు. ఆ అన్న పరుగున ట్రాలీ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. మరుక్షణం మైకు మోగింది.

"అన్నలారా, అక్కలారా! ఒక్క నిమిషం! ఒక కుందేలుకు సీరియస్ ఉన్నది! ఆపరేషనైనంక నిన్నటి సంది దానికి దొడ్డికి అయితలేదు! నోరులేని జీవం! దారియ్యాలె! దారి ఇయ్యాలె!"

సముద్రం రెండుగా చీలింది. మరియమ్మత్త "స్తోత్రం" అంది. ఆ సందులోంచి మా ఆటో వెళ్తుంటే రెండు వైపులా నిలబడ్డ వందల మంది జాలిగా చూసింది గంపనైతే నాకేమీ బాధ లేదు. గంప మీద వాలిపోయిన నన్ను, రోగిని నేనే అన్నట్టు చూశారు. వాళ్ళలో మా కాలేజీ ఇంగ్లీషు సార్ కూడా ఉన్నారు.

అంతటితో అయిందా? మైకన్న మనసు మంచిది. నలుగురిని తోడు పంపాడు. "ఏదన్నుంటె మాకు కబురు జెయ్యిండ్రి" అన్నాడు.

దవాఖానలో మళ్ళీ ఆ గోడ, ఆ బర్రెలు, కొత్త పాతికమంది. డాక్టరు చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. దొరసానిని బల్ల మీద పెట్టాం. నేను డైరీ తెరిచి చూపించాను. ఆయన చదివాడు, మొహం ముడిచాడు.

"తింటోంది, తాగుతోంది, చురుగ్గా ఉంది. పెంటికలు సున్నా. పొట్ట మాత్రం రెండున్నర అంగుళాలు పెరిగింది. ఇదెట్లా సాధ్యం?"

నడికట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒక వరస. రెండు. మూడు. "ఇదేంటిది?" "నడికట్టు సారూ, గాలి జొరబడకుంట" అంది అవ్వ. నాలుగు. ఐదు. ఆరు. చీరపేలిక మొత్తం నేలమీద కుప్పపడ్డాక నా ఎర్ర కుచ్చులు వెలుగులోకి వచ్చాయి. డాక్టరు చేతులు ఆగిపోయాయి.

"ఇది... ఎవరు కుట్టారు?"

"నేనే సార్" అన్నాను. ఇంత దుఃఖంలోనూ ఆ కుచ్చులు సమానంగా వచ్చినందుకు గొంతులో కొంచెం గర్వం ధ్వనించిందని నా అనుమానం.

ఆయన కత్తెర తీసుకుని ఎలాస్టిక్ కింద పెట్టి టక్కున కత్తిరించాడు.

బొగ్గు నిలవచేసే బంకరు కింద లారీ ఆగినప్పుడు, పైన గేటు ఎత్తగానే ఏమవుతుందో మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ముందు ఒక గింజ పడుతుంది. తర్వాత రెండు. ఆపైన ఒక్కసారిగా ధారగా, జలజలమని, ఆగకుండా. అవి బల్ల మీద పడ్డాయి, బల్ల మీది మందుల చీటీల మీద పడ్డాయి, డాక్టరు బూట్ల మీద పడ్డాయి, దొర్లుకుంటూ బర్రెల దాకా వెళ్ళాయి. గుండ్రంగా, గట్టిగా, ఆరోగ్యంగా. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క గంట కూడా ఆ బెల్టు ఆగలేదు. ఇరవై గంటల ఉత్పత్తి మొత్తం నేను కుట్టిన బంకరులో నిలవ ఉంది.

 దొరసాని లేచి, ఒళ్ళు విదిలించి, ఏ అడ్డూ లేకుండా, తీరిగ్గా మరొక్కటి వేసి, నావైపు చూసింది. ఆ చూపు ఇంకా మర్చిపోలేదు.

బాపు ముందు తేరుకున్నాడు. "లెక్కవెట్టి రాయి బిడ్డా" అన్నాడు, నవ్వాపుకుంటూ. "రికార్డు ప్రొడక్షన్ గిది."

"నడికట్టే నేను గట్టిన" అంది అవ్వ వెంటనే, గోడవైపు ఒకడుగు జరిగి. "లాగు నేను కుట్టలే."

డాక్టరు నావైపు తిరిగాడు. కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. "వెనక తెరిచే ఉంచాలని మరీ మరీ చెప్పాను కదమ్మా? 'ఆ సార్' అన్నావు. చూడు, తడికి ఇక్కడ చర్మం ఎర్రబడింది. ఇంకో రోజు ఇలాగే ఉంటే కుట్లు పాడై, నిజంగానే ప్రాణం మీదికి వచ్చేది."

ఎర్రబడ్డ చోటు చూశాను. పాతికమంది వింటున్నారు. ఈసారి పిన్నీసును చూడలేదు.

"నేను వినలేదు సార్" అన్నాను. "మీరు వెనక అనగానే సిగ్గేసింది. తర్వాతదేదీ చెవికెక్కలేదు. మళ్ళీ చెప్పండి. అన్నీ చెప్పండి. రాసుకుంటాను."

గోడకానుకున్న వాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నేను "పెంటికలు" అన్న మాట పూర్తి అక్షరాలతో రాసుకున్నాను. పైగా, "రోజుకు ఎన్ని పెంటికలు పడాలి సార్?" అని గట్టిగా అడిగాను. నా నోటి నుంచి బహిరంగంగా వెలువడిన మొదటి పూర్తి ప్రశ్న అదే. చరిత్రలో కొందరు గొప్ప ప్రశ్నలతో మొదలవుతారు. నా వంతుకు ఇది వచ్చింది.

అప్పుడు కిటికీలోంచి, మాకు తోడొచ్చిన నలుగురిలో ఒకాయన తల కనిపించింది. "ఏమైంది అవ్వా?"

అవ్వ రెండు చేతులూ పైకెత్తింది. "ఎల్లింది బిడ్డా! మస్తుగెల్లింది!"

ఆయన పరిగెత్తాడు. కాసేపటికి చౌరస్తా వైపు నుంచి మైకు వినిపించింది. "అన్నలారా! కుందేలుకు దొడ్డికి అయింది!" ఆ వెంటే, నామీద ఒట్టు, "జై తెలంగాణ" అని వందల గొంతులు, డప్పులు.

బాపు నాగా పెట్టలేదు. పరుగున వెళ్ళి షిఫ్టు అందుకున్నాడు. బావి మీద లాంపు రూములో, గనిలోకి దిగేవాళ్ళకు దీపం అందించే కాక, దీపం చేతికివ్వకుండానే అడిగాడట. "ఎల్లిందా?" బాపుకన్నా ముందే కబురు బావికి చేరింది. ఆ తర్వాత నెలరోజులు మా వాడలో నేను ఎదురైతే ఎవరూ "తిన్నవా?" అని అడగలేదు. "ఎల్లిందా?" అనే అడిగారు. మా ఇంగ్లీషు సార్ మాత్రం మర్యాదస్తులు. హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, "ఆరోగ్యమేనా?" అన్నారు. క్లాసంతా పడిపడి నవ్వింది. నేను లేచి నిలబడి, "కుశలమే సార్, రోజుకు వందకు తగ్గకుండా" అన్నాను. క్లాసు ఇంకా ఎక్కువ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

దొరసాని పదిరోజుల్లో పూర్తిగా కోలుకుంది. బాపు పట్టుబట్టి డాక్టరు చేత 'ఫిట్' అని చీటీ రాయించుకొచ్చాడు. చీటీ లేకుండా మళ్ళీ డ్యూటీ ఎక్కనివ్వనన్నాడు. దొరసాని డ్యూటీ ఏమిటంటే, బియ్యం బస్తా ఎక్కి కూర్చుని మమ్మల్ని చూడడం. ఆ రోజే ఎక్కింది.

అదే సాయంత్రం డైరీలో ఒక ప్రమాణం రాశాను. సాక్షులుగా అవ్వ వేలిముద్ర, మరియమ్మత్త సంతకం ఉన్నాయి. మూలన దొరసాని కొరికిన గుర్తు ఉంది, అది రాజముద్ర అనుకోవాలి. ఆ ప్రమాణాన్ని ఇంతవరకు తప్పలేదు, ఇక ముందూ తప్పబోను.

"నేను, బొగ్గుబావుల సాక్షిగా, ఈనాటి నుంచి నా సిగ్గును నేనొక్కదాన్నే తొడుక్కుంటాను. నోరులేని జీవాలకు కుట్టి తొడగను. ఒకవేళ ఎప్పుడైనా మనసాగక కుట్టినా, కుచ్చులు మాత్రం ముందువైపే పెడతాను."